నాస్కార్ గ్రిడ్‌లో 40 కార్లు: చోటు వేగానిదా, చార్టర్‌దా?

చివరిగేర్:
ముందు లెక్క చెప్పి తర్వాత గొడవలోకి వస్తాను. అమెరికా స్టాక్ కార్ రేసుల సంస్థ నాస్కార్ నడిపే ప్రధాన పోటీ కప్ సిరీస్‌లో 1998 నుంచి 2015 దాకా రేసుకి 43 కార్లు. 2016లో చార్టర్లు వచ్చాక గరిష్ఠం 40. అందులో 36 కార్లకు చార్టర్ ఉంది. అంటే క్వాలిఫయింగ్‌లో (రేసు ముందు జరిగే వేగ పరీక్షలో) గోడకి కొట్టుకున్నా, అసలు టైమే నమోదు కాకపోయినా, ఆదివారం గ్రిడ్‌లో, అంటే బయలుదేరే వరుసలో, చోటు ఖాయం. మిగతా 4 చోట్ల కోసం చార్టర్ లేని 'ఓపెన్' కార్లు తన్నుకోవాలి. సీజన్‌లో అతి పెద్ద రేసు డేటోనా 500 వదిలేస్తే ఆ నాలుగు నిండటమే అరుదు. మామూలు వారాల్లో 36, 37, 38తో సరి.

ఇది ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టుంది. పైగా ఇక్కడ కర్చీఫ్‌ని అమ్ముకోవచ్చు కూడా. 2018 చివర ఫర్నిచర్ రో జట్టు మూతపడినప్పుడు వాళ్ల చార్టర్‌ని స్పైర్ జట్టు కొన్నది సుమారు 60 లక్షల డాలర్లకని వార్త. అదే స్పైర్ 2023లో ఇంకో చార్టర్‌కి 4 కోట్ల డాలర్ల దాకా పెట్టిందన్నారు. అయిదేళ్లలో కర్చీఫ్ ధర అంత పెరిగితే, కారు వేగంగా చెయ్యడం మీద ఎవడు డబ్బు పెడతాడు?

నా ప్రతిపాదన ఒక్కటే. ఖాయం చోట్లు తీసేసి, పాత పద్ధతిలో వేగం మీద గ్రిడ్ నింపాలి.

పిట్‌వాల్:
చివరిగేర్ గారూ, 'పాత పద్ధతి' అంటే ఏది? ఒకటుంటే కదా.

2005 నుంచి 2012 దాకా 'టాప్ 35' నియమం. ఓనర్ పాయింట్లలో (కారు యజమాని ఖాతాలో పడే పాయింట్లలో) మొదటి 35 కార్లకు చోటు ఖాయం. సీజన్ మొదటి 5 రేసులకు పోయిన ఏడాది పాయింట్లు చూసేవారు. 43లో నిజంగా పోటీ ఉన్నది 8 చోట్లకే, అందులోనూ ఒకటి అవసరమైతే మాజీ చాంపియన్‌కి. మీరు కలగంటున్న పద్ధతికి దగ్గరగా ఉన్నది 2013లో వచ్చింది: 36 వేగం మీద, 6 ఓనర్ పాయింట్ల మీద, 1 మాజీ చాంపియన్‌కి. అది మూడు సీజన్లే నడిచింది.

ఖాయం లేకపోతే ఏమవుతుందో 2007 చూడండి. టయోటా కొత్తగా వచ్చింది, మైకేల్ వాల్ట్రిప్ జట్టుకి పాత పాయింట్లు లేవు. డేటోనా తర్వాత ఆయన వరుసగా 11 రేసులకు అర్హత సాధించలేకపోయాడు. స్పాన్సర్ డబ్బు కట్టింది ఆదివారం టీవీలో బానెట్ మీద తన పేరు కనపడటానికి. శుక్రవారమే ట్రక్కెక్కి ఇంటికెళ్లిపోయే కారుకి వచ్చే ఏడాది ఎవడు కడతాడు?

ఇక 43 నింపినప్పుడు గ్రిడ్ అడుగున నడిచిన బాగోతం పేరు 'స్టార్ట్ అండ్ పార్క్'. ఒక్క సెట్ టైర్లు, అద్దె ఇంజిన్, పిట్ సిబ్బంది సున్నా. క్వాలిఫై అవ్వాలి, పచ్చజెండాకి బయలుదేరాలి, కొన్ని ల్యాప్‌లు తిరిగి గరాజ్‌లోకి రావాలి. ఫలితాల పట్టికలో కారణం 'వైబ్రేషన్', 'బ్రేకులు', 'ఓవర్‌హీటింగ్'. ఆఖరి స్థానపు ప్రైజ్‌మనీ ఖర్చుకి మించి ఉన్నంతకాలం అదే వ్యాపారం. 43 అనే అంకె గొప్పగా వినిపిస్తుంది గానీ, రేసు చేసేవి అంతకన్నా తక్కువే.

కొలతబద్ద:
ఇద్దరూ అంకెల దగ్గర ఆగారు కాబట్టి, కార్లు ఎక్కువైతే చిన్న ట్రాకు ఇరుకవుతుందన్న మాట తేల్చడానికి మార్టిన్స్‌విల్ ట్రాకు తీసుకుందాం. చుట్టు 0.526 మైలు, ల్యాప్‌కి సుమారు 20 సెకన్లు. రీస్టార్ట్ (రేసు మళ్లీ మొదలవడం) తర్వాత కారుకీ కారుకీ 0.2 సెకను దూరం అనుకోండి. 40 కార్ల వరుస 8 సెకన్లు, 36 అయితే 7 సెకన్ల పైచిలుకు. తోకలో ఉన్నవాడు ల్యాప్‌కి 0.4 సెకను నెమ్మది అనుకుంటే, ముందున్నవాడికి వాడి తోక దొరకడానికి 40 కార్లతో 30 ల్యాప్‌లు, 36తో 32 లేదా 33. తేడా రెండు మూడు ల్యాప్‌లు. 'చిన్న ట్రాకులో కార్లు ఎక్కువైతే ఇరుకు' అన్న వాదనలో అంత పస లేదు.

అసలు హద్దు పిట్ రోడ్డు, అంటే టైర్లు, ఇంధనం కోసం కార్లు ఆగే దారి. కారుకో పిట్ పెట్టె గీయాలి, పక్కవాడి పెట్టెలోంచి తిప్పుకుని బయటపడేంత జాగా ఉండాలి. ఇంకో చిన్న ట్రాకు బ్రిస్టల్లో ముందు వైపూ వెనక వైపూ రెండు పిట్ రోడ్లు వాడాల్సి వచ్చింది ఇందుకే. 1998కి ముందు చిన్న ట్రాకుల్లో గ్రిడ్ కూడా చిన్నదే ఉండేది.

ఇంకోటి. 36 మందికి చోటు ఖాయమైనా క్వాలిఫయింగ్ దండగ కాదు, ఎందుకంటే పిట్ పెట్టె ఎంచుకునే వరుస దాని మీదే. పోల్ (గ్రిడ్‌లో మొదటి చోటు) కొట్టినవాడు దాదాపు ఎప్పుడూ పిట్ బయటి దారికి ఆనుకుని ఉన్న మొదటి పెట్టె తీసుకుంటాడు. ముందు ఇంకో కారు ఉండదు, నేరుగా వెళ్లిపోవచ్చు. తర్వాతివాళ్లు టైమింగ్ గీతలు చూస్తారు. పిట్ రోడ్డు వేగాన్ని రాడార్‌తో కొలవరు. గీతకీ గీతకీ మధ్య పట్టిన సమయంతో సగటు తీస్తారు. మీ పెట్టె ఉన్న ముక్కలో ఎలాగూ ఆగుతారు కాబట్టి, ఆ ముక్కలో కాస్త గట్టిగా తొక్కినా సగటు పరిమితి దాటదు. అలాంటి పెట్టెలు కొన్నే ఉంటాయి. శనివారం ఇరవై ఎనిమిదో స్థానంలో నిలిస్తే అవి అప్పటికే పోయి ఉంటాయి. మధ్యలో ఇరుక్కున్న పెట్టెలో ప్రతి స్టాప్‌కీ పదోవంతు సెకన్లు రాలిపోతుంటాయి.

గోదారిడ్రాఫ్ట్:
వేగం, వేగం అంటున్నారు. డేటోనాలో ఒంటరి ల్యాప్ వేగానికీ రేసు సత్తాకీ సంబంధం ఎంతండీ? 2025 డేటోనా 500లో చేజ్ బ్రిస్కో పోల్ కొట్టింది 182.745 మైళ్ల వేగంతో, అంటే 2.5 మైళ్లు 49 సెకన్ల పైచిలుకులో. ఆ ల్యాప్ మొత్తం డ్రైవర్ కాలు నేలకి ఆనించే ఉంచుతాడు. ఇంజిన్ ఎంత ఇస్తుంది, బాడీకి గాలి ఎంత అడ్డు తగులుతుంది, బయలుదేరినప్పుడు గేర్లు ఎక్కడ మార్చాడు, ఇంతే. డ్రాఫ్ట్‌లో (ముందు కారు గాలి చాటున నడిచే గుంపులో) ఇరవై మంది మధ్య కారు ఎలా నిలబడుతుందో అది చెప్పదు.

గాలి విషయం ఎంతవరకు వెళ్తుందంటే, 2024 ఫిబ్రవరిలో అట్లాంటాలో జోయీ లొగానో ఎడమ గ్లవ్‌లో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బాతుకాలిలా పొర ఉంది. చెయ్యి కిటికీ వల దగ్గర ఆనిస్తే లోపలికొచ్చే గాలి తగ్గుతుంది. ముందు వరుసలో రెండో చోటు వచ్చింది. పట్టుబడ్డాక గ్రిడ్ చివరికి పంపారు, పచ్చజెండా తర్వాత పిట్ రోడ్డు గుండా ఒకసారి వెళ్లి రమ్మన్నారు, 10,000 డాలర్ల జరిమానా వేశారు. నాలుగువేళ్ల గుడ్డ ముక్క మీద ఆధారపడే వేగం మీదా మనం గ్రిడ్ నింపేది?

డేటోనా పద్ధతి నాకు నచ్చేది ఇందుకే. ఓపెన్ చోట్లు 4. రెండు ఒంటరి ల్యాప్ వేగానికి, రెండు గురువారం జరిగే అర్హత రేసులు డ్యుయల్స్‌కి. ఒక్కో డ్యుయల్ 60 ల్యాప్‌లు, 150 మైళ్లు. ఒక్కోదాంట్లోంచి ఒక ఓపెన్ కారు. 2025లో 9 ఓపెన్ కార్లొచ్చాయి. ట్రూయెక్స్, జిమ్మీ జాన్సన్ వేగం మీద వెళ్లారు, ఆల్గయెర్, లజోయ్ డ్యుయల్స్‌లో పోరాడి వెళ్లారు. రెండు రకాల సత్తాకీ దారి ఉంది.

చివరిగేర్:
డ్యుయల్స్ అంత న్యాయమేం కాదు. 2023లో కానర్ డేలీ క్వాలిఫయింగ్‌లో టైమే నమోదు చేయలేదు, డ్యుయల్‌లో కారు కప్పలా ఎగురుతూ నడిచింది. పోటీలో ఉన్న ఆస్టిన్ హిల్ ప్రమాదంలో ఇరుక్కోవడంతో డేలీ లోపలికి. లాటరీ.

సరే, మీరందరూ దాటేసిన విషయం ఇది: అమెరికాలోనే ఇండీకార్ అనే మరో సిరీస్‌లోని ఇండియానాపొలిస్ 500. గ్రిడ్ 33. 2025లో ఇండీకార్‌లో కూడా 25 చార్టర్లొచ్చాయి, కానీ 500లో చోటుకి అవి పనికిరావు. అక్కడ 34 మంది వచ్చారు, జేకబ్ ఏబెల్ ఇంటికెళ్లాడు. 2018లో హించ్‌క్లిఫ్, 2019లో రెండుసార్లు ఫార్ములా వన్ చాంపియన్ అలోన్సో కూడా ఇలాగే. 1995లో ముందేడాది గెలిచిన పెన్స్కీ జట్టే రెండు కార్లనూ గ్రిడ్‌లోకి తేలేకపోయింది. ఏ స్పాన్సరూ పారిపోలేదు, ఆ క్వాలిఫయింగ్‌ని జనం రేసులా చూస్తారు. డబ్బు చార్టర్‌కి, చోటు వేగానికి. రెండూ విడదీయడమే నేనడిగేది.

పిట్‌వాల్:
విడదీసింది ఒక్క 500కే. మిగతా రేసులన్నిట్లో ఇండీకార్ చార్టర్ కూడా చోటు ఖాయం చేస్తుంది. మే నెలలో ఒక్క రేసుకి పెట్టిన నియమాన్ని ఏడాదికి 36 పాయింట్ల రేసులున్న సిరీస్‌కి తగిలించడం ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగరడమే.

ఆ పక్క కొసకెళ్తే మన హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన నడిచిన విద్యుత్ కార్ల రేసు ఫార్ములా ఈ ఉంది. 11 జట్లు, 22 కార్లు, ఎవరినీ ఇంటికి పంపే ప్రశ్నే లేదు. నాస్కార్ అంత మూసేసుకోలేదు, ఆ నాలుగు చోట్లు ఉంచింది.

ఇంకో ముక్క. 23ఎక్స్‌ఐ, ఫ్రంట్ రో జట్లు 2024 అక్టోబర్‌లో నాస్కార్ మీద కేసు వేశాయి. 2025 జులై నుంచి వాళ్ల ఆరు కార్లూ చార్టర్ లేకుండా ఓపెన్‌గానే పరుగెత్తాయి. ఎన్ని రేసులకు దూరమయ్యాయి? ఒక్కదానికీ లేదు. పోటీకి 40కి మించి కార్లే రాలేదు కాబట్టి. డిసెంబర్‌లో రాజీ కుదిరి చార్టర్లు శాశ్వతమయ్యాయి. శాశ్వతం చేసినదాన్ని ఇప్పుడు మీరు తీసేయమంటున్నారు.

గోదారిడ్రాఫ్ట్:
పిట్‌వాల్ గారు మూసేసుకోలేదంటున్నారు గానీ, తలుపు ఎవరి కోసం తెరుస్తున్నారో చూడండి. 2025లో కొత్తగా 'ఓపెన్ ఎగ్జెంప్షన్ ప్రొవిజనల్' తెచ్చారు. ప్రపంచస్థాయి డ్రైవర్ అయితే 90 రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవచ్చు. క్వాలిఫై కాకపోతే 41వ కారుగా చోటిస్తారు. కాస్ట్రోనెవిస్ డ్యుయల్‌లో ప్రమాదానికి గురై ఈ దారినే వచ్చాడు. ఇండీ 500 నాలుగుసార్లు గెలిచినవాడు, కాదనను. ఆయన వల్ల ఎవరి చోటూ పోలేదు. ఆ రేసులో ఆయనకి పాయింట్లు, ప్రైజ్‌మనీ కూడా ఉండవు. కానీ అదే రోజు నలుగురు ఓపెన్ డ్రైవర్లు ఇంటిదారి పట్టారు. వాళ్లతో సమానంగా డ్యుయల్‌లో ఓడినవాడు ఆదివారం కారెక్కాడు.

కొలతబద్ద:
శాశ్వత చార్టర్లున్నా చెయ్యగలిగేది ఒకటుంది. ప్రదర్శన రేసు 'క్లాష్'కి చార్టర్ హామీ వర్తించదు. 2025లో బోమన్ గ్రేలో, పావు మైలు ట్రాకు మీద, 23 కార్లే. నాలుగు హీట్లు (చిన్న అర్హత రేసులు), ఒక్కోటి 25 ల్యాప్‌లు, ఒక్కోదాంట్లోంచి మొదటి అయిదుగురు. 75 ల్యాప్‌ల ఆఖరి అవకాశపు రేసులోంచి ఇద్దరు. 23వ చోటు పోయిన ఏడాది పాయింట్ల మీద. పెద్ద పేర్లు బయట కూర్చున్నా ఎవరూ గోల చేయలేదు, అది పాయింట్ల రేసు కాదు గనక.

దాన్ని ఏడాదికి నాలుగైదు చిన్న ట్రాకు రేసులకు పాక్షికంగా తేవచ్చు. చార్టర్ కార్లలో ఓనర్ పాయింట్లలో మొదటి 30 ఖాయం, మిగతా 6 చార్టర్లు ఓపెన్ కార్లతో కలిసి 10 చోట్ల కోసం హీట్ ఆడాలి. చార్టర్ డబ్బు మాత్రం రేసులో ఉన్నా లేకున్నా వస్తుంది.

ఖర్చు సంగతి నేనే చెప్తాను, మీరు ఎలాగూ అడుగుతారు. ఇప్పటి కారు మోడల్ నెక్స్ట్ జెన్‌లో కారు నంబరుకి ఏడు కార్లే ఉంచుకోవాలి, భాగాలు నాస్కార్ చెప్పిన సరఫరాదారుల దగ్గరే కొనాలి. శనివారం హీట్‌లో వెనక ట్రాన్సాక్సిల్ (గేర్‌బాక్స్, యాక్సిల్ కలిసిన భాగం) పగిలితే చిన్న జట్టుకి ఆదివారం కష్టమే.

పిట్‌వాల్:
ఖర్చు తర్వాత సంగతి. శనివారం వాన పడితే?

ఇప్పుడైతే క్వాలిఫయింగ్ రద్దయినప్పుడు మెట్రిక్ లెక్కతో వరుస వేస్తారు. 2020లో ఆ లెక్క ఇలా ఉండేది: ముందు రేసులో డ్రైవర్ స్థానానికి 25 శాతం, ఓనర్ స్థానానికి 25, ఓనర్ పాయింట్లకు 35, వేగవంతమైన ల్యాప్‌కి 15. తర్వాత మార్చారు గానీ పునాది అదే, ముందు వారం ఏం చేశావన్నది. ముందు వారం రాని ఓపెన్ కారుకి అందులో వెయ్యడానికి అంకె ఏదీ? మీ హీట్లు వానలో పోతే 10 చోట్లలో 6 ఆ చార్టర్లకే వెళ్తాయి. మిగతా వాటికి ఎవరొస్తే వాళ్లు.

కొలతబద్ద:
నిజమే, దానికి జవాబు రాయలేదు. వాన పడ్డ వారం గ్రిడ్‌ని పెంచాలి, తనిఖీ దాటిన ప్రతి కారూ దిగాలి. పిట్ పెట్టెలు ఎన్ని గీయగలిగితే అన్ని. బ్రిస్టల్లో రెండు వైపులా పెట్టెలున్నాయి కాబట్టి సరిపోవచ్చు. మార్టిన్స్‌విల్‌లో ఇద్దరు ఒకే పెట్టె పంచుకోవాల్సి రావచ్చు, అప్పుడు ఎల్లో జెండా (ప్రమాద హెచ్చరిక) కింద ఇద్దరూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలన్నది గోదారిడ్రాఫ్ట్ గారు చెప్పాలి.