ఒక్క జీతం మీద బతుకుతున్నప్పుడు దశమభాగం ఇవ్వాలా, ఆపాలా?

ఓఎంఆర్ చెల్లి:
అందరికీ వందనాలు. మాది నెల్లూరు, చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీదున్న షోళింగనల్లూరులో అద్దెకుంటున్నాం. ఈ మధ్య మావారి ఉద్యోగం పోయింది, ఇప్పుడు నా జీతం ఒక్కటే. అద్దె, బాబు స్కూల్ ఫీజు, ఊళ్లో అత్తమ్మ షుగర్ మందులు అన్నీ అందులోనే. పెళ్లయినప్పటి నుంచి జీతం పడగానే ముందు దశమభాగం, అంటే దేవుడికిచ్చే పదో వంతు, తీసి పక్కన పెట్టడం అలవాటు. ఈసారి మావారు "క్రెడిట్ కార్డు బాకీ పెరుగుతోంది, కొన్నాళ్లు ఆపుదాం, దేవుడు అర్థం చేసుకుంటాడు" అంటున్నారు. ఆపితే నమ్మకం లేనట్టే కదా అని నాకు టెన్షన్. మా సంఘంలో ఒక పెద్దాయన బైబిల్లో మలాకీ 3:10 చూపించి, కష్టంలో ఇస్తేనే ఆకాశపు వాకిళ్లు తెరుచుకుంటాయి, ఉద్యోగం కూడా వస్తుంది అన్నారు. కరువులో సారెపతు ఊరి విధవరాలు ఉన్న ఆ కాస్త పిండితోనే ముందు ఏలీయా ప్రవక్తకు రొట్టె చేసి పెట్టింది కదా, ఆవిడలా ఇవ్వాలని నాకూ ఉంది. ఇంట్లో రోజూ ఇదే వాదన. ఏం చేయాలి?

అయినవరం అంకుల్:
అమ్మా, ముందు మీ ఇంటి కోసం ప్రార్థిస్తాను. ఇస్తే ఉద్యోగం వస్తుందన్న మాట మాత్రం మనసులోంచి తీసెయ్యి. సారెపతులో పిండి తొట్టి ఖాళీ కాదని దేవుడు ఏలీయా ద్వారా ఆవిడకే సూటిగా చెప్పాడు, ఆ మాట పట్టుకుని ఆవిడ ఇచ్చింది. మీవారి ఉద్యోగం గురించి అలాంటి మాట దేవుడు ఎక్కడిచ్చాడు? మలాకీ 3వ అధ్యాయం పదో వచనం దగ్గర మొదలుపెట్టకుండా అయిదో వచనం నుంచి చదువు. కూలివాళ్లను, విధవరాళ్లను, తండ్రిలేనివాళ్లను బాధపెట్టేవాళ్ల మీద తీర్పుకు వస్తానని దేవుడు అక్కడే అంటున్నాడు. దశమభాగం ఎవరి కడుపు నింపడానికో ద్వితీయోపదేశకాండం 14 చివర ఉంది, మూడో ఏట అది ఊళ్లో ఉన్న లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేనివాళ్లకు, విధవరాళ్లకు. ఇక మార్కు 7లో కొర్బాన్ సంగతి చూడు, తల్లిదండ్రులకు అందాల్సింది దేవుడికి అర్పితం అని చెప్పి తప్పించుకున్నవాళ్లను ప్రభువు ఎంత గట్టిగా గద్దించాడో! అత్తమ్మ మందుల డబ్బు కానుక సంచిలో వేస్తే దేవుడు సంతోషిస్తాడని నేను నమ్మను. కార్డు మీద గీకి ఇవ్వడం అసలే వద్దు, అది నీ డబ్బు కాదు, బ్యాంకుది. 2 కొరింథీ 8:12లో పౌలు కూడా లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే అన్నాడు.

పెరంబూరు అక్క:
అంకుల్ గారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటా, కానీ అదే అధ్యాయంలో కాస్త పైన మాసిదోనియ సంఘాల వాళ్లున్నారు కదండీ, ఎవరూ బలవంతం చేయకుండానే, నిరుపేదలై ఉండి శక్తికి మించి ఇచ్చారు. అందుకే పూర్తిగా ఆపొద్దు చెల్లీ. మా అమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేసేది, ఇంట్లో ఒక పూటే వండిన రోజుల్లో కూడా. మిజోరంలో సంఘాలు 1910 నుంచి ఇలాగే పిడికెడు బియ్యం ఎత్తి ఎంత సేవ నడుపుతున్నాయో! కాబట్టి పదో వంతు కుదరకపోతే ఎంత కుదిరితే అంత ఇవ్వు, కానీ అది నీ కోరికల్లోంచి తియ్యి. బయటినుంచి తెప్పించుకునే బిర్యానీ, క్రిస్మస్‌కి కొత్త చీర, ఆఫీసుకి క్యాబ్, ఇలాంటివి. అరౌనా తన కళ్లం ఊరికే ఇస్తానన్నా, వెల ఇవ్వకుండా దహనబలి అర్పించనని దావీదు రాజు అన్నది అందుకే. ఎంత ఇవ్వాలో నువ్వొక్కదానివే తేల్చకు, మీ ఆయనతో కూర్చుని ప్రార్థించి ఇద్దరూ ఒప్పుకున్నాకే ఇవ్వు, ఇంట్లో గొడవ పెట్టుకుని ఇచ్చే కానుకలో ఉత్సాహం ఎక్కడుంటుంది?

ఇంకో మాట. మీవారికి తమిళం వస్తే అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి ఒకసారి వెళ్లి చూడమను. మన వైపు నుంచి వచ్చినవాళ్లు భాష రాక చీటీ పట్టుకుని ఏ గదికి వెళ్లాలో తెలియక తిరుగుతుంటారు. వాళ్ల పక్కన ఒక పూట నిలబడటం కూడా దేవుడికి ఇచ్చినట్టే.

ఒంగోలు తమ్ముడు:
అక్కా, మీ ఓఎంఆర్ పక్కనుంచి పోయే బకింగ్‌హామ్ కాలువకు మా ఒంగోలుతో సంబంధం ఉంది. 1876-78 కరువులో మా ఊళ్లో ఉన్న అమెరికన్ మిషనరీ క్లౌ దొర ఆ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి ఇచ్చారు. అప్పుడు బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా, అన్నం కోసం వస్తున్నారేమోనని ఆపేశారు. సాయం ముగిశాక కూడా జనం వచ్చారు, 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దేవుడి దగ్గరికి ఏదో దొరుకుతుందని రాకూడదని ఆయన అంత పట్టుబట్టారు. ఉద్యోగం కోసం కానుక అన్నా నాకు అదే భయం.

ఓఎంఆర్ చెల్లి:
అందరికీ చాలా థ్యాంక్స్. మావారికి చదివి వినిపించాను, మలాకీ 3:5 దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. అద్దె, ఫీజు, మందులు కట్టాక మిగిలినదాంట్లో, కార్డు ముట్టుకోకుండా, ఎంతైతే అంత ఇద్దామని ఇద్దరం అనుకున్నాం. క్యాబ్ మానేసి బస్సులో వెళ్తా, ఆ డబ్బు కూడా అందులోకే. పెరంబూరు అక్కా, మావారికి తమిళం బాగానే వచ్చు, అడయార్‌కి పొద్దున ఎన్నింటికి వెళ్తే మంచిది?