పాత డబుల్ బ్యారెల్ 12 బోర్ కొన్నాం, పేల్చేముందు ఏమేం చూసుకోవాలి?

చేనుకాపు:
పంట కాపలా లైసెన్సు మీద సెకండ్‌హ్యాండ్ డబుల్ బ్యారెల్ తీసుకున్నాం. ఇంగ్లండ్‌ది, పాతది, బాక్స్‌లాక్ (సుత్తులు లోపలే ఉండే రకం), బ్యారెల్ 30 అంగుళాలు. మూసి ఊపితే సన్నగా టిక్‌మంటోంది. గ్రీజు పెడితే పోతుందన్నాడు అమ్మినాయన. గొట్టం లోపల నల్లటి మచ్చలున్నాయి. బ్యారెల్ అడుగున 2½ అని కొట్టి ఉంది, షాపులో ఉన్నవి 70 మి.మీ. తూటాలు. పెట్టి చూస్తే సాఫీగా దూరి, మూత కూడా పడింది. వాడొచ్చా?

నల్లమందు:
వాడొద్దు. ముందు ఆ తూటాలు తీసి వేరే గదిలో పెట్టండి. తనిఖీ జరిగే గదిలో అసలు తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. రెండు ఛాంబర్లూ (గొట్టంలో తూటా కూర్చునే వెనక భాగాలు) కంటితో చూసి, వేలు పెట్టి కూడా తడమండి.

2½ అంటే అంగుళాల్లో, దాన్నే 65 మి.మీ. ఛాంబర్ అంటారు. తూటా మీద రాసే 70 అనేది పేలాక మూతి విచ్చుకున్న పొడవు. పేలకముందు మూతి మడత లోపలికి ఉంటుంది కాబట్టి పొట్టిగా ఉండి, 65 ఛాంబర్లోనూ హాయిగా కూర్చుంటుంది. మోసమంతా అక్కడే. పేలేటప్పుడు మడత ముందుకు విచ్చుకోవాలి, అక్కడేమో గొట్టం సన్నబడడం మొదలైపోతుంది. ఇరుకులోంచి గుళ్ళు దూరాలి, ప్రెషర్ పెరుగుతుంది. ఒకసారి పేలి ఏమీ కాలేదంటే సరిపోయిందని కాదు.

కొందరు తర్వాత ఛాంబర్ పొడిగిస్తారు, ముద్ర మాత్రం పాతదే ఉంటుంది. గట్టి ప్లాస్టిక్ కార్డుని 20 మి.మీ. వెడల్పు పట్టీగా కత్తిరించి లోపలికి తోయండి, ఆగిన చోట గుర్తు పెట్టి కొలవండి. రెండు మి.మీ. తేడా రావచ్చు, ఇది అంచనాకే. 70కి దగ్గరగా వచ్చి ముద్ర 2½ ఉంటే, మళ్ళీ ప్రూఫ్ (ఎక్కువ ప్రెషర్‌తో పేల్చి చూసే అధికారిక పరీక్ష) చేయించారా అని అడగాలి. అడుగున నైట్రో ప్రూఫ్ (ఇప్పటి పొగలేని మందుకు పరీక్షించినట్టు) అన్న ముద్ర కూడా వెతకండి. అది లేకపోతే, లేదా గొట్టం మీద మెలికల గీతల డమాస్కస్ నమూనా కనబడితే, తెలిసిన గన్‌స్మిత్ చూసేదాకా ఏ తూటా పెట్టకండి.

కీలుపిన్ను:
ఆ టిక్ గురించి. గ్రీజు చప్పుడును దాస్తుందే గానీ అరుగుదలను పూడ్చదు. ఫోరెండ్ (గొట్టం కింద చేత్తో పట్టే కర్ర) విప్పేసి మళ్ళీ మూయండి. ఫోరెండ్ ఉంటే దాని స్ప్రింగ్ బిగువు వదులును కప్పేస్తుంది. బట్‌ను (భుజానికి ఆనించే కర్రను) చంకలో బిగించి, బ్యారెల్‌ను అడ్డంగా కదపండి. తర్వాత బ్యారెల్‌కీ వెనక గోడకీ మధ్య సిగరెట్ కాగితం ముక్క పెట్టి మూసి లాగండి. పట్టుకోవాలి. ఊడి వచ్చిందా, కీలు పిన్ను గానీ దాని కొక్కెం గానీ అరిగింది. వెలుతురుకు పట్టుకుంటే సందు కనబడితే ఇంకా అధ్వాన్నం: పేలినప్పుడు తూటా అడుగు ఆ సందులోకి వెనక్కి జరుగుతుంది, గ్యాస్ కంటి వైపే లీకవుతుంది.

టాప్ లివర్ (తుపాకీ తెరిచే పై మీట) చూడండి. కొత్తదానిలో మధ్యకు కొంచెం కుడిగా ఆగుతుంది, అరిగేకొద్దీ ఎడమకు జరుగుతుంది. రిపేరుకి రేకు ముక్క పెట్టి బిగించేవాళ్ళను నమ్మొద్దు, అది త్వరగానే పల్చబడుతుంది. పెద్ద పిన్ను వేసి కూర్చోబెట్టించాలి.

గొట్టం_చూపు:
మచ్చల సంగతి తుడిచాకే తెలుస్తుంది. సీసం, ప్లాస్టిక్ మసి పేరుకుంటే గుంటలా కనిపిస్తుంది, గుంటల్ని కప్పేస్తుంది కూడా. ఇత్తడి బ్రష్, సాల్వెంటు, పొడిగుడ్డ. తర్వాత కిటికీ వైపు చూస్తే లోపల వెలుతురు వలయాలు ఒకదానిలో ఒకటి గుండ్రంగా కనబడాలి. ఎక్కడైనా వంకరపోతే చొట్ట. చుట్టూ ఒక నల్లటి ఉంగరంలా కనిపిస్తే ఉబ్బు: గొట్టంలో ఏదో అడ్డం ఉండగా పేల్చారన్నమాట. బయట అదే చోట గోటితో జారిస్తే తెలుస్తుంది. ఉబ్బు ఉంటే దాన్ని పక్కన పెట్టేయడమే.

గుంటలు పైపైనే ఉంటే పర్లేదు. లోతైనవి ఛాంబర్ ముందున్న సన్నబడే చోటునే ఎక్కువ ఉంటాయి. కొంతమంది లోపల గరుకు పోయేలా చెక్కించి మెరిపించి అమ్ముతారు, అప్పుడు గోడ పల్చబడుతుంది. అద్దంలా మెరిసే పాత గొట్టాన్నే ఎక్కువ అనుమానించాలి! గోడ మందం కొలిచే వాల్ గేజ్‌తో కొలిపించండి. 0.5 మి.మీ. కంటే తక్కువైతే ఇంగ్లండ్‌లో వ్యాపారులు కూడా వద్దంటారు.

రిబ్ (రెండు గొట్టాలనూ కలిపే పట్టీ) కోసం: బ్యారెల్‌ను కొక్కెం దగ్గర దారంతో వేలాడదీసి వేలి గణుపుతో తట్టండి. గంటలా మోగాలి. జీరగా వస్తే అతుకు ఎక్కడో ఊడింది, ఆ సందులో నీరు చేరి లోలోపల తుప్పు తింటుంది. మూతి దగ్గర రెండు గొట్టాల మధ్య ఖాళీ ఉండి సీసంతో పూడ్చినట్టుంటే, కోసిన బ్యారెల్ అనుకోండి. లైసెన్సు లేకుండా బ్యారెల్ కోయడం 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 6 కింద నేరం.

చేనుకాపు:
కాగితం ఊడి వచ్చేసిందన్నా. ట్రిగ్గర్ కూడా చూడమంటారా?

కీలుపిన్ను:
చూడండి, స్నాప్ క్యాప్ (పేలని డమ్మీ తూటా) పెట్టి మాత్రమే. ఖాళీగా కొడితే తూటాను పేల్చే పిన్నులు విరగొచ్చు. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలండి, తర్వాత సేఫ్టీ తీయండి. తీయగానే లోపలి సుత్తి పడితే సియర్ (సుత్తిని ఆపి ఉంచే ముక్క) పట్టు పోయింది. రబ్బరు పట్టా మీద బట్‌ను రెండు మూడుసార్లు తాడించినా పడకూడదు. బరువు కట్టి కొలిస్తే 1.5–2 కిలోల మధ్య ఉండాలి. బట్ మణికట్టు దగ్గర, లాక్ వెనక వెంట్రుకలా పగులుందేమో భూతద్దంతో చూడండి. నూనె తాగి నల్లబడిన కర్ర అక్కడే చీలుతుంది.

బ్యారెల్, యాక్షన్ (లాక్ ఉండే మధ్య లోహపు భాగం), ఫోరెండ్ మూడింటి మీదా నంబర్ ఒకటేనా? లైసెన్సులో ఉన్నదీ అదేనా? తేడా ఉంటే రిపేరుకిచ్చే ముందు స్టేషన్లో చెప్పాలి. ఇంకోటి, గన్ లైసెన్సు ఉందని అడవిపందిని కాల్చకూడదు, దానికి వన్యప్రాణి చట్టం కింద అనుమతి వేరేగా కావాలి.