మెర్నెప్తా విజయశాసనంలో ఒక్క పేరుకు అంత విలువ ఎందుకు?

ప్రశ్న – విజయనగరం ఉపాధ్యాయుడు:
మా పాఠశాలలో ప్రాచీన ఈజిప్టు గురించి చెబుతూ ఫరో మెర్నెప్తా శాసనాన్ని ప్రస్తావించాను. 28 పంక్తులలో అధికభాగం లిబియా వారిపై గెలుపును వర్ణిస్తుండగా, పండితులందరూ చివర వచ్చే ‘ఇజ్రాయెల్’ అనే పేరు మీదనే దృష్టి పెట్టడం ఎందుకని ఒక విద్యార్థిని అడిగింది. రాజు తన గొప్ప తానే చెక్కించుకున్న రాతను ఎంతవరకు నమ్మాలో కూడా తెలియజేయగలరు.

జవాబు – శాసనాభ్యాసి:
ఈ నల్లరాతి పలకను 1896లో ఫ్లిండర్స్ పెట్రీ థీబ్స్‌లో, మెర్నెప్తా స్మారకాలయ శిథిలాలలో కనుగొన్నారు. అది అంతకుముందు మూడవ అమెన్‌హోటెప్ వేయించిన శాసనం. దాని వెనుకవైపునే మెర్నెప్తా తన 5వ పాలనా సంవత్సరపు, అంటే సుమారు క్రీ.పూ. 1208 నాటి, విజయాన్ని చెక్కించాడు. చివరి పంక్తులలో అష్కెలోన్, గెజెర్, యనోఆమ్ అనే పట్టణాల తరువాత, ఇజ్రాయెల్ పాడైపోయిందనీ దాని విత్తు మిగలలేదనీ ఉంది. బైబిలుకు వెలుపల ఆ పేరు నిస్సందేహంగా కనిపించే తొలి రాత ఇదేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

అయితే నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది ఒక చిన్న గుర్తు. ఈజిప్టు లిపిలో పలకకుండా, ముందున్న పదం ఏ కోవకు చెందినదో మాత్రం తెలిపే గుర్తులు ఉంటాయి. ఆ మూడు పట్టణాల పేర్లకూ పరదేశాన్ని సూచించే మూడు కొండల గుర్తు ఉండగా, ఇజ్రాయెల్‌కు మాత్రం కూర్చున్న పురుషుడు, స్త్రీ, బహువచనపు గీతలు ఉన్నాయి. అంటే లేఖకుడి దృష్టిలో అది ఒక ఊరో రాజ్యమో కాదు, ఒక జనం. రాజును పొగడడానికి కూర్చున్న లేఖకుడికి ఇందులో అబద్ధమాడవలసిన అవసరమేమీ లేదు కనుక, మనం నిశ్చింతగా నమ్మదగినది ఇటువంటి వివరమే.

జవాబు – శ్రీకాకుళం పాఠకురాలు:
మాస్టారూ, ‘విత్తు మిగలలేదు’ అన్న మాటను అక్షరాలా తీసుకోకూడదు. అది ధాన్యమా, సంతానమా అన్నదానిపైనే భిన్నాభిప్రాయాలున్నాయి; పైగా ఆ జనం తరువాత కూడా చరిత్రలో నిలిచారు. ఇతని తండ్రి రెండవ రామ్సెస్ కూడా కాదేష్ యుద్ధాన్ని ఘనవిజయంగా గోడల నిండా చెక్కించాడు, కాని ఆ పట్టణం అతని ప్రత్యర్థులైన హిట్టైట్ల చేతిలోనే ఉండిపోయింది.

పిల్లలకు మన కళింగ ఉదాహరణ చెప్పండి. అశోకుడు 13వ శిలాశాసనంలో లక్షమంది హతులయ్యారనీ లక్షన్నర మందిని తరలించారనీ చెప్పి పశ్చాత్తాపపడ్డాడు. కాని కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ శిలల మీద ఆ శాసనం లేదు, దాని స్థానంలో వేరే శాసనాలు ఉన్నాయి. ఓడిన వారి ముందు ఏది చెక్కించలేదో గమనించడం కూడా శాసనాన్ని చదవడంలో భాగమే.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. గెజెర్ విషయంలో వేరే ఆధారం ఏమైనా ఉన్నదా?

జవాబు – శాసనాభ్యాసి:
ఉన్నదండీ. నూబియాలోని అమదా ఆలయ శాసనం మెర్నెప్తాను గెజెర్‌ను లొంగదీసినవాడని పేర్కొంటున్నది. లిబియా యుద్ధం కూడా థీబ్స్‌లోని కర్ణాక్ ఆలయం గోడ మీద మరింత వివరంగా ఉంది. కనుక దండయాత్రలు కట్టుకథలు కావు, వాటి ఫలితాన్ని వర్ణించిన తీరులోనే అతిశయోక్తి ఉన్నది.