వారం వారం అతిథి ఉపన్యాసం మనకి అవసరమా? రోటరీ మంగళవారాల మీద చర్చ

ప్రోగ్రాం కుర్చీ
అందరికీ నమస్కారమండి. జులై 1 నుంచి మన రోటరీ సేవా క్లబ్బు ప్రోగ్రాం కమిటీ నా నెత్తిన పడింది. పాత రిజిస్టర్లు ముందేసుకుని కూర్చున్నాను. కిందటేడు 36 మీటింగులు జరిగితే 29 సార్లు బయటి వక్త వచ్చారు. అందులో 11 మంది ఏదో ఒకటి అమ్ముకోడానికి వచ్చినవాళ్లే. ప్లాట్లు, బీమా, మోకాళ్ల ఆపరేషను ప్యాకేజీ, ఆ నీళ్ల మిషను. మిగతా 18 మందిలో ఎవరేం చెప్పారో నాకు నలుగురివి తప్ప గుర్తు లేదు. మీకు గుర్తుంటే చెప్పండి, తప్పయితే ఒప్పుకుంటాను.

నా ప్రతిపాదన ఇదీ: నెలకి ఒక్క అతిథి. తక్కిన మంగళవారాలు మన సభ్యులే తమ తమ వృత్తుల గురించి చెప్పాలి. ఎవరూ దొరక్కపోతే ఆ వారం మీటింగే వద్దు. 2016లో రోటరీ నియమాలు చేసే కౌన్సిల్ ఆన్ లెజిస్లేషన్ వారం వారం కలవాలన్న నిబంధన సడలించింది కదా, నెలకి రెండుసార్లు కలిస్తే చాలు.

ఇంకో మాట కూడా అనేస్తాను, తిట్టుకోండి. మన దేశంలో పోలియో పోయింది ఉపన్యాసాలతో కాదు. 2011 జనవరిలో హౌరాలో చివరి కేసు. దాని వెనక ఉన్నది ఆదివారం పొద్దున్నే బూత్‌లో కూర్చుని చుక్కలు వేసినవాళ్లు.

పాత బులెటిన్
బాబూ, నువ్వు రిజిస్టరు చూసి మాట్లాడుతున్నావు. నేను ఆ కుర్చీల్లో 31 ఏళ్లు కూర్చున్నవాణ్ణి.

పోలియో బూత్ అన్నావు. అక్కడ కూర్చోమని మనకి చెప్పిందెవరు? ఒక మంగళవారం పీహెచ్‌సీ డాక్టరు గారు మన హాలుకొచ్చి, "నాకు మనుషులు చాలట్లేదు, మీరు రండి" అని అడిగారు. అదీ అతిథి ఉపన్యాసమే. పది నిమిషాలు కూడా మాట్లాడలేదాయన.

పెద్ద ఉదాహరణ కావాలంటే మనలాంటి సేవా క్లబ్బే, లయన్స్ వాళ్లది తీసుకో. 1925 జూన్ 30న ఒహాయోలోని సీడార్ పాయింట్‌లో వాళ్ల మహాసభకి హెలెన్ కెల్లర్‌ని పిలిచారు. చూపూ వినికిడీ లేని ఆవిడ లేచి, అంధుల పక్షాన పోరాడే యోధులు కండి అని వాళ్లని అడిగింది. ఈ రోజుకీ మన పక్క వీధి లయన్స్ వాళ్లు శుక్లాల శిబిరం పెడుతున్నారంటే దాని మొదలు అక్కడుంది. అతిథిని పిలవకపోతే ఆ మాట ఎవరనేవారు? మనలో మనం చెప్పుకుంటూ కూర్చుంటే పుట్టినరోజు కేకుల దగ్గరే ఆగిపోతాం.

ఎరువుల కొట్టు
మాస్టారూ, ఆవిడ వెళ్లింది మహాసభకి. మన కమ్యూనిటీ హాల్లో మంగళవారం రాత్రికి కాదు. పైగా ఆవిడ కూడా అడగడానికే వెళ్లింది. అడిగితే గొప్పా, అమ్మితే తప్పా?

చరిత్ర మీరే మొదలుపెట్టారు కాబట్టి నేనూ చెప్తాను. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో యూనిటీ బిల్డింగు 711 గదిలో కూర్చున్న నలుగురూ ఎవరు? రోటరీ మొదలుపెట్టిన పాల్ హారిస్ లాయరు. తక్కిన ముగ్గురిలో ఒకాయన బొగ్గు వ్యాపారి, ఒకాయన గనుల ఇంజనీరు, ఒకాయన దర్జీ. ఒక వారం ఒకరి ఆఫీసులో, మరో వారం ఇంకొకరి ఆఫీసులో కలిసేవారు కాబట్టి రోటరీ అయింది. మొదట్లో క్లబ్బులో స్టాటిస్టీషియన్ అని ఒకాయన ఉండేవాడు. ఎవరు ఎవరికి ఎంత బేరం ఇచ్చారో రాసుకోవడమే ఆయన పని! అలాంటి వంశంలో పుట్టి, ప్లాట్ల మనిషి మైకు పట్టుకుంటే మైల పడినట్టు చూస్తే ఎలాగండి.

ఆ 11 మందిలో ముగ్గుర్ని నేనే తెచ్చాను. దాపరికం ఏం లేదు. ఆ రోజుల భోజనం ఖర్చు వాళ్లే పెట్టుకున్నారు, అది కూడా రిజిస్టర్లో ఉంటుంది చూడండి.

ప్రోగ్రాం కుర్చీ
ఉందండి. చూశాను. భోజనం పెట్టినవాడికి 50 నిమిషాలు, పెట్టనివాడికి 10 నిమిషాలు ఇచ్చామన్నది కూడా ఉంది.

తెల్ల కోటు
నేను మీ సభ్యుణ్ణి కాను. మీ హాల్లో ఒకసారి మాట్లాడిన అతిథిని. అటువైపు నుంచి కూడా వినండి.

ఏడున్నరకి రమ్మన్నారు. ఏడూ ఇరవైకి వచ్చాను. అప్పటికి హాల్లో వాచ్‌మనూ నేనూ. ఎనిమిదింబావుకి గంట కొట్టారు. ప్రార్థన, ఫోర్ వే టెస్టు అని మీరు చదివే నాలుగు ప్రశ్నలు, పుట్టినరోజులు, పెళ్లిరోజులు, సెక్రటరీ గారి ప్రకటనలు, కొత్త కార్యవర్గం ఇన్‌స్టలేషన్ చందా మీద చిన్న రగడ. తొమ్మిదీ ఐదుకి నన్ను పరిచయం చేయడం మొదలుపెట్టారు. నేను ఏ కాలేజీలో చదివానో, ఏ గోల్డ్ మెడల్ రాలేదో అన్నీ కలిపి ఎనిమిది నిమిషాలు. ఈలోగా పక్కగదిలో బిర్యానీ మూతలు తీశారు. ఆ తర్వాత నేను మాట్లాడింది ఏడు నిమిషాలు. వోట్ ఆఫ్ థాంక్స్, శాలువా, మెమెంటో, ఫోటో.

నేను తెచ్చుకున్న విషయం పాముకాటు. డెల్టాలో కోతల సమయానికి ఎలకలు, ఎలకల వెనక పాములు. కాటు పైన గట్టిగా కట్టు కట్టకూడదు, బ్లేడుతో కోయకూడదు, ఆ కాలో చెయ్యో కదపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. కట్లపాము సంగతి వేరేగా చెప్పాలనుకున్నాను. నేల మీద పడుకున్నవాళ్లని నిద్రలో కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగ్గా కనిపించదు. తెల్లారి కడుపునొప్పి అంటారు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకుంటారు. అక్కడిదాకా వెళ్లేలోపే చీటీ వచ్చింది, "సార్, వైండప్ ప్లీజ్" అని.

ఒక్క ప్రశ్న రాలేదు. నా దగ్గర అన్ని క్లబ్బులవీ కలిపి 11 మెమెంటోలు ఉన్నాయి. అమ్మడానికొచ్చినవాళ్ల లెక్కతో సరిగ్గా సరిపోయింది.

చెరువు గట్టు
డాక్టరు గారూ, ప్రశ్న వేయకపోయినా విన్నామండి. అక్టోబరులో మా రొయ్యల చెరువు కాపలా కుర్రాడిని మడమ దగ్గర పాము కరిచింది. అందరూ తువ్వాలు తెచ్చి బిగించబోతున్నారు. నేను వద్దన్నాను. మంత్రగాడి దగ్గరికి అన్నారు, వద్దన్నాను. బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయాం, మందు ఎక్కించారు. ఇప్పుడు మళ్లీ చెరువు దగ్గరే ఉన్నాడు. మీ ఏడు నిమిషాల్లో నాకు రెండు ముక్కలే గుర్తున్నాయి. ఆ రెండూ చాలాయి.

కుర్చీ గారికి ఒక మాట. నెలకి ఒక్కటే అంటే ఆ ఒక్కటీ ఏదో ముందే మీకెలా తెలుస్తుంది? రొయ్యల తెల్లమచ్చ వ్యాధి మీద సైంటిస్టు గారు వచ్చిన రోజు గుర్తుందా, కుర్చీలు చాలక వరండాలో నిలబడ్డారు జనం. 100 కౌంటు, అంటే కిలోకి వంద తూగే రొయ్య, రేటు పడిపోయిన వారం అది. మన క్లబ్బు మొహం ఎప్పుడూ చూడని రైతులు చెప్పులు బయట విడిచి మరీ లోపలికొచ్చారు. ఆ రాత్రి మన సీనియర్లు కొందరు ఏమన్నారో కూడా గుర్తుంది నాకు. "మెంబర్లకే కుర్చీల్లేవు" అని.

పాత బులెటిన్
ఆ మాట అన్నది నేనే. తప్పే.

మొదటి బెంచీ
29 మంది అని లెక్క తీసినవారు అందులో ఆడవాళ్లెందరో తీయలేదు. నేను తీశాను. ముగ్గురు. ఇద్దరు మార్చి 8 వారంలో వచ్చారు. మూడో ఆవిడ మన రోటరీ డిస్ట్రిక్ట్ గవర్నరు గారి భార్య, ఆవిడ మాట్లాడిన విషయం "సేవలో సతీమణుల పాత్ర".

కాలిఫోర్నియాలో డ్యుఆర్టే అనే చిన్న ఊరి క్లబ్బు 1977లో ముగ్గురు ఆడవాళ్లని చేర్చుకుంటే రోటరీ ఆ క్లబ్బునే వెలేసింది. 1987 మే 4న అమెరికా సుప్రీంకోర్టు ఆడవాళ్ల పక్షాన తీర్పిచ్చాక, 1989లో రోటరీ నియమం మారింది. నేను ఈ క్లబ్బులో చేరి ఆరేళ్లు. సొంత పేరుతో చేరాను, సొంత డబ్బుతో చందా కడుతున్నాను. మొన్నటి మీటింగులో కూడా నన్ను "యాన్స్ అటువైపు కూర్చోండమ్మా" అన్నారు. యాన్స్ అంటే సభ్యుల భార్యలు.

మనం వక్త అనగానే వెతికేది హోదా. కలెక్టరు దొరక్కపోతే ఆర్డీవో, ఆయన దొరక్కపోతే రిటైరైన ఆర్డీవో. మన ఊరి ట్యాంకు దగ్గర రోజూ నీళ్లు వదిలే మనిషి ఉన్నాడు. క్లోరిన్ ఎంత కలుపుతాడో, ఏ వీధి పైపు మురుగుకాలవలోంచి పోతోందో అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. అతన్ని ఏనాడైనా పిలిచామా? రొయ్యల షెడ్డులో రోజంతా నిలబడి తలలు తీసే ఆడవాళ్లలో ఒకరిని? వాళ్లకి పరిచయం చదవడానికి డిగ్రీలు ఉండవు, అంతే కదా మన ఇబ్బంది.

ఎరువుల కొట్టు
అమ్మా, పిలిస్తే వాళ్లు వస్తారా? మైకు ముందు మాట్లాడగలరా?

మొదటి బెంచీ
అన్నగారూ, మైకు ముందు మాట్లాడగలిగినవాళ్ల దగ్గర మనమేం కొనుక్కున్నామో మీకే తెలుసు.

షార్లెట్ అల్లుడు
మావయ్యగారు చెప్తే ఈ చర్చ చదివాను. ఇక్కడ అమెరికాలో మా ఆఫీసు పక్క రోటరీ క్లబ్బు మధ్యాహ్నం 12కి మొదలై 1కి గంట కొట్టి ముగిసిపోతుంది. వక్తకి 20 నిమిషాలు, ప్రశ్నలకి ఐదు. మెమెంటో లేదు. వక్త పేరున ఊరి లైబ్రరీకో స్కూలుకో ఒక పుస్తకం ఇస్తారు, అట్ట లోపల ఆయన పేరు రాసి. తింటూనే వింటారు కాబట్టి బిర్యానీ గొడవ రాదు.

అంతా బాగుందని కాదు. ఇక్కడా సగం మంది ఫోన్లు చూసుకుంటూనే ఉంటారు. బ్యాంకు వాళ్లు, ఇళ్ల ఏజెంట్లు ఇక్కడా వస్తారు.

పాత బులెటిన్
అల్లుడుగారూ, పుస్తకం సంగతి బాగుంది. మధ్యాహ్నం 12కి మాత్రం ఇక్కడ కొట్టు మూసి ఎవడొస్తాడు నాయనా.

బీకరు
ఇన్ని రోజులు చదువుతూ ఊరుకున్నాను. పైన నీళ్ల మిషను మాట వచ్చింది. ఇక చెప్పాలి.

ఆ రోజు నేను మూడో వరసలో ఉన్నాను. 27 ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. ఆ కుర్రాడు రెండు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో మన కుళాయి నీళ్లు, ఒకదాంట్లో తన మిషను నీళ్లు. కడ్డీలున్న చిన్న పరికరం రెండింట్లోనూ ముంచి కరెంటు పెట్టాడు. రెండు నిమిషాలకి కుళాయి నీళ్లు గోధుమరంగుకి తిరిగి, తెట్టె కట్టి, చూడ్డానికే రోతగా అయ్యాయి. మిషను నీళ్లు తేటగా ఉన్నాయి. "మీ పిల్లలు రోజూ తాగేది ఇదీ" అన్నాడు. హాలంతా అయ్యో అంది.

ఆ బురద నీళ్లలోది కాదు. కడ్డీది. అది ఇనుము. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పులా బయటపడుతుంది. మిషను లవణాలు దాదాపు అన్నీ తీసేసింది కాబట్టి ఆ గ్లాసులో కరెంటు పెద్దగా పారదు, కడ్డీ కరగదు, రంగు మారదు. అంతే. ఆ తేట గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెడితే అదీ అలాగే గోధుమరంగుకి వస్తుంది. నీళ్లలో లవణాలు ఉండటమే విషం కాదు. మన దేశపు ప్రమాణాల సంస్థ బీఐఎస్ ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు, ఉంటే తాగడానికి ఏ అభ్యంతరమూ లేదు. అసలు చూడాల్సింది నీళ్లలో సూక్ష్మజీవులున్నాయా, ఫ్లోరైడ్ ఎక్కువుందా అన్నది. అది ఆ కడ్డీలు చెప్పలేవు.

ఇదంతా నాకు ఆ రెండు నిమిషాల్లోనే తెలుసు. లేవలేదు. ఎందుకు లేవలేదంటారా? వచ్చిన అతిథిని పదిమందిలో నిలదీస్తే బాగోదని. తెచ్చిన సభ్యుడు నా స్నేహితుడని. ఆ వారం 14 మంది కొన్నారు. మీటింగు మొదట్లో అందరం లేచి నిలబడి "ఇది సత్యమేనా" అని ఫోర్ వే టెస్టు చదివాం కూడా. గంట తిరక్కముందే నేను నోరు మూసుకు కూర్చున్నాను.

కుర్చీ గారూ, నెలకి ఒకరా నలుగురా అన్నది నాకు పెద్ద విషయం కాదు. ప్రశ్న వేయడానికి వీల్లేని అతిథి ఒక్కడున్నా ఎక్కువే. అమ్మడానికొస్తే రానివ్వండి, కానీ మాట్లాడినంతసేపూ ప్రశ్నలకి నిలబడాలని పిలిచేటప్పుడే చెప్పండి. డాక్టరు గారి లాంటివాళ్లకి సమయం ముందే కేటాయించండి, పుట్టినరోజులు తర్వాత చేసుకోవచ్చు.

తెల్ల కోటు
ప్రశ్నలుంటాయంటే నేను మళ్లీ వస్తాను. శాలువా వద్దు.

ప్రోగ్రాం కుర్చీ
నా ప్రతిపాదనలో నెలకి ఒక్కరు అన్న ముక్క ఇప్పటికి పక్కన పెడుతున్నాను. బోర్డులో గెలుస్తుందని నమ్మకం లేదు, నాకూ అంత పట్టుదల లేదు. గంట ఏడున్నరకే కొట్టాలి, వక్త ముందు మాట్లాడాలి, అందులో సగం సమయం ప్రశ్నలకి. ఈ మూడూ రాసి పంపుతున్నాను. భోజనం స్పాన్సరు చేసినవాళ్లకి ఆ రోజు మైకు ఇవ్వకూడదన్నది నాలుగోది, దానికి గొడవ అవుతుందని తెలుసు. ట్యాంకు దగ్గరాయన్ని జులై రెండో మంగళవారానికి మొదటి బెంచీ గారే వెళ్లి పిలవాలి. మొదటి మంగళవారం బీకరు గారిది. ఆ రెండు గ్లాసులు, చిటికెడు ఉప్పు.

ఎరువుల కొట్టు
నాలుగోదానికి గొడవ నేనే చేస్తాను, బోర్డులో చూసుకుందాం.

బీకరు గారూ, ఆ కుర్రాణ్ణి తెచ్చింది నేనే కదా. మీరు ఆ రోజే నాకు పక్కకి పిలిచి చెప్పాల్సింది. ఆ కడ్డీల పరికరం మిషనుతో పాటు ఫ్రీగా ఇచ్చాడు, మా కొట్లో సొరుగులో పడుంది. మంగళవారం నేను తెస్తాను. ఉప్పు మీరు తెచ్చుకోండి.