21 రాత్రుల క్రూయిజ్: మెయిళ్లు, తేదీలు, రేవుల వివరాలు ఎలా సర్దుకోవాలి?

కోనసీమ కొబ్బరి:
అందరికీ నమస్కారమండి. ఆరుగురికి ఓడ బుక్ అయింది. 2026 అక్టోబర్ 10న బార్సిలోనాలో ఎక్కడం, 31న రోమ్ దగ్గరి రేవు చివిటావెక్కియాలో దిగడం. నిజానికివి రెండు క్రూయిజ్‌లు: గ్రీస్‌లోని పిరేయస్ దాకా 11 రాత్రులు, అదే ఓడలో టర్కీలోని కుషాదాసి, ఇస్తాంబుల్ మీదుగా ఇంకో 10. మళ్లీ గ్రీస్ తాకి ఇటలీ వస్తుంది. ఇద్దరు 70 దాటినవాళ్లు, అందులో ఒకరు ఇన్సులిన్ మీద ఉన్నారు. అమలాపురం నుంచి రాజమండ్రి, అక్కణ్ణించి హైదరాబాద్ మీదుగా బార్సిలోనా. విమానాలకో ఫోల్డరు, హోటళ్లకొకటి, వీసాలకొకటి పెట్టాను. అయినా ఏది అడిగినా వాట్సాప్‌లో వెతుక్కోవడమే అవుతోంది. పద్ధతి చెప్పగలరా?

గోదారి గట్టు:
రకాన్ని బట్టి ఫోల్డర్లు పెట్టడంలోనే ఉందండి చిక్కు. రేవులో నిలబడ్డప్పుడు టిక్కెట్లన్నీ అక్కర్లేదు, ఆ రోజుకి కావలసినవి అన్నీ కావాలి. అందుకని తేదీని బట్టి పెట్టండి. ప్రతి పీడీఎఫ్ పేరూ నెల, తేదీతో మొదలవ్వాలి: 1014_మార్సెయ్_బస్సు, 1021_పిరేయస్_రెండో_బుకింగ్. అలా పెడితే ఫోనే వరసలో పేరుస్తుంది. వాట్సాప్ మాటలకే గానీ దాచుకోడానికి పనికిరాదు. అన్నీ ఒక డ్రైవ్ ఫోల్డరులో వేసి, ఆరు ఫోన్లలోనూ ఆఫ్‌లైన్‌కి దించండి.

తరవాత ఒక షీటు, మూడు ట్యాబులు.

మొదటిది రోజులు. అక్టోబర్ 10 నుంచి 31 దాకా 22 వరసలు, ముందూ వెనకా విమానాల రోజులు కలపండి. ఒక్కో వరసలో: రేవు, ఓడ చేరే వేళ, అందరూ ఎక్కాల్సిన ఆఖరి వేళ, ఓడ గట్టుకి ఆనుతుందా లేక లాంచీలో దింపుతారా, ఊళ్లోకి దూరం, ఆ రోజు బుకింగ్ నంబరు. ఓడ బయల్దేరే వేళ మాత్రం రాయొద్దు. రెండు వేళలు పక్కపక్కన ఉంటే తొందరలో కన్ను రెండోదాని మీదే పడుతుంది. ఎక్కాల్సిన వేళ మామూలుగా అరగంట ముందు, లాంచీ రేవుల్లో ఇంకా ముందు.

రెండోది గడువులు. మీకు రెండు బుకింగులు, కాబట్టి ఆఖరి వాయిదాలూ రెండు. ఒప్పందంలో 90 రోజుల ముందని ఉంటే మొదటిదానికి జూలై 12, రెండోదానికి జూలై 23. రద్దు చేసుకుంటే ఏ తేదీ దాటాక ఎంత శాతం పోతుందో పక్క గడిలో రాయండి. కంపెనీ లెక్క వాళ్ల దేశపు టైముకి ఉంటుంది, మీరు ఒక రోజు ముందే గడువు అనుకోండి.

మూడోది మనుషులు. ఇక్కడే మనవాళ్లకి ఎక్కువ దెబ్బ తగిలేది. ఆధార్‌లో పొడి అక్షరాలు, పాస్‌పోర్టులో పూర్తి పేరు, కొందరికి ఇంటిపేరు గడే ఖాళీ. విమానం, ఓడ, వీసా, బీమా నాలుగింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం అక్షరం ఉండాలి. వెంకట సత్య సూర్యనారాయణ లాంటి పొడుగు పేర్లు బుకింగ్ గడిలో పట్టక తెగిపోతాయి. తెగిన పేరును ఎలా రాశారో కంపెనీ చేత మెయిల్‌లో ఖాయం చేయించుకోండి. పాస్‌పోర్టు గడువు తిరిగొచ్చాక ఇంకో ఆరు నెలలుంటే ఎవరూ పేచీ పెట్టరు.

రోజుల ట్యాబును రోజుకో పేజీ చొప్పున, రెండు వైపులా అచ్చేస్తే ఓడ రోజులకి 11 కాగితాలు. మూడు గదులుంటే మూడు సెట్లు.

లేసు నరసాపురం:
వీసా సంగతి నేను చెబుతానండి. టర్కీకి వెళ్లిన క్షణం షెంజెన్ (ఒకే వీసాతో తిరిగే ఐరోపా దేశాల కూటమి) దాటినట్టు, మళ్లీ గ్రీస్‌కి వస్తే రెండో ప్రవేశం. సింగిల్ ఎంట్రీ (ఒక్కసారి ప్రవేశానికే) తీసుకుంటే అది సగం దారిలో చెల్లిపోతుంది, అందుకే ఓడ ఎక్కేటప్పుడే ఆపేస్తారు. మల్టిపుల్ ఎంట్రీ అడగండి. కారణం కవరింగ్ లెటరులో రాసి, రెండు బుకింగుల రేవుల జాబితా, ఆరుగురి పేర్లతో కన్ఫర్మేషన్ జత చెయ్యండి. మొదటి బుకింగ్ ఒక్కటే పెడితే టర్కీ ఊసే కనపడదు, సింగిల్ ఇచ్చి ఊరుకోవచ్చు.

ఏ దేశానికి పెట్టాలంటే, ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే దానికి. రోజులు సమానమై తేలకపోతే మొదట అడుగుపెట్టే దేశానికి, అంటే స్పెయిన్‌కి. మీ రేవుల జాబితా పక్కన పెట్టుకుని లెక్కెయ్యండి.

దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, అంటే ఏప్రిల్ రెండో వారం నుంచి. కనీసం 15 రోజుల ముందన్నది నియమమే గానీ, మీ అసలు గడువు జూలై 12. ఆఖరి వాయిదా కట్టేశాక వీసా రాకపోతే ఆ డబ్బు వెనక్కి రావడం కష్టం. వేలిముద్రలకి మనిషే హాజరవ్వాలి, పెద్దవాళ్ల ప్రయాణం కూడా లెక్కలో వేసుకోండి. టర్కీ ఈ-వీసా మనకి షెంజెన్ లాంటి వీసా చేతిలో ఉంటేనే ఇస్తారు. కాబట్టి ఆ క్రమం తిరగెయ్యొద్దు.

బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలన్నది షెంజెన్ నియమం. షెంజెన్‌కి మాత్రమే అని రాసున్న పాలసీ టర్కీలో చెల్లదు. ఓడలో ఆసుపత్రి ఉచితం కాదు, ఓడ నుంచి ఒడ్డుకి తరలించే ఖర్చు కవరవుతుందో లేదో చదవండి. సుగరూ బీపీ దాచకుండా రాయించండి.

కాకినాడ కాజా:
టైము దగ్గర ఒక మెలిక ఉంది. ఐరోపాలో 2026 అక్టోబర్ 25 ఆదివారం తెల్లవారుజామున గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. టర్కీ తిప్పదు. అంటే 24 దాకా గ్రీస్‌కీ టర్కీకీ ఒకటే టైము, 25 నుంచి గ్రీస్ గంట వెనక. సరిగ్గా మీ రెండో ప్రయాణం మధ్యలో. ఓడ తన టైము మార్చుకోవచ్చు, మార్చుకోకపోవచ్చు. ఎక్కాల్సిన వేళ మాత్రం ఎప్పుడూ ఓడ టైమే. ఫోను ఒడ్డు మీది టవరు పట్టుకుని తనంతట తానే మారిపోతుంది. కాబట్టి గదికొక మామూలు చేతి గడియారం ఓడ టైముకి పెట్టండి, రోజుల ట్యాబులో "ఓడకీ ఊరికీ తేడా" అని ఒక గడి కలపండి. ఆ గడి ముందే నింపొద్దు. ముందు రాత్రి గదిలోకి వచ్చే కాగితం చూసి పెన్నుతో రాయండి. రేవు ఏజెంటు ఫోన్ నంబరు కూడా అందులోనే ఉంటుంది, ఒడ్డున చిక్కుకుంటే పిలవాల్సింది ఆ మనిషినే.

మీ జాబితాలో గ్రీస్ దీవి సాంటొరీని ఉంటే అది లాంచీ రేవు. సఖినేటిపల్లిలో గోదారి దాటించే పంటు దగ్గరలాగే, ఎక్కడానికి క్యూ, దిగడానికి క్యూ. పైన ఫిరా ఊరికి కేబుల్ కారు ఉంది, మెట్లు దాదాపు ఆరు వందలు. పెద్దవాళ్లతో తిరుగు క్యూకే గంటన్నర వదలండి. చివిటావెక్కియా నుంచి రోమ్ 70 కిలోమీటర్ల పైనే. 31న దిగిన రోజే విమానమైతే మధ్యాహ్నం తరవాతిది పెట్టుకోండి.

ఓడ నడిసముద్రంలో ఉండగా ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే ఉండాలి. ఓడ సొంత టవరు మామూలు రోమింగ్ ప్యాకులో రాదు, బిల్లు వాచిపోతుంది.

కోనసీమ కొబ్బరి:
చాలా ఉపయోగమండి. పిరేయస్‌లో 21న దిగాలా? ఇన్సులిన్ ఎలా? ఇంకోటి, ఇంట్లో ఆవకాయ పట్టుకెళ్తామని పట్టు పడుతున్నారు.

గోదారి గట్టు:
21న సామాన్లతో దిగక్కర్లేదు, గది నంబరు రెండింటికీ ఒకటే అయితే. వేరైతే ముందు రాత్రే సర్దుకోవాలి. ఓడలో ఇచ్చే గది కార్డు మాత్రం మారుతుంది, మొదటి ప్రయాణపు ఖర్చుల ఖాతా మూసేస్తారు, రెండోదానికి ఆన్‌లైన్ చెకిన్ విడిగా చెయ్యాలి. అది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

ఇన్సులిన్ చేతి సంచీలోనే. విమానం కింద సామాన్లలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. గదిలో ఉండే చిన్న ఫ్రిజ్ చాలా ఓడల్లో చల్లబరిచే పెట్టె మాత్రమే. మందుల ఫ్రిజ్ కావాలని ప్రత్యేక అవసరాల ఫారంలో ముందే రాయండి, సూదులు పడేసే డబ్బా కూడా అడగండి. స్పెయిన్ మనకంటే మూడున్నర గంటలు వెనక, 25 తరవాత నాలుగున్నర. డోసు వేళలు డాక్టరు చేత కాగితం మీద రాయించండి. మందుల పేర్లు కంపెనీవి కాక అసలు మందు పేర్లతో ఉండాలి. ఇల్లు వదిలి ఉండే రోజులకి ఒకటిన్నర రెట్లు మందులు పెట్టండి, సగం ఇంకొకరి సంచీలో.

ఆవకాయ వద్దండి. ఇంట్లో చేసినవి ఓడలోకి సాధారణంగా రానివ్వరు. పైగా నూనె కారితే పెట్టె అంతా ఎరుపే. కంపెనీ సీలున్న పచ్చడి, కందిపొడి పొట్లాలు ఎక్కువ చోట్ల రానిస్తారు, మీ కంపెనీ జాబితా చూసుకోండి. నెయ్యి, కోవా ఐరోపాలోకి తేకూడదు. కెటిల్, ఇస్త్రీ పెట్టె తీసేసుకుంటారు.

లేసు నరసాపురం:
అక్టోబర్ మనకి తుపాన్ల నెల. రాజమండ్రి–హైదరాబాద్ టిక్కెట్టు, హైదరాబాద్–బార్సిలోనా టిక్కెట్టు వేరువేరు పీఎన్ఆర్‌లైతే (బుకింగ్ నంబర్లైతే) మొదటిది ఆలస్యమైనా రెండోవాళ్లకి పూచీ ఉండదు. 7న హైదరాబాద్ చేరండి, ఆ తేదీకి రాత్రి రైలు కూడా వెయిటింగ్ లేకుండా తీసుకుని ఉంచండి. 9 కల్లా బార్సిలోనాలో దిగాలి. ఓడ ఎక్కే రోజే విమానం దిగే ప్లాను మాత్రం పెట్టొద్దు. పెట్టె రాకపోతే అది వెనకాలే ఏ రేవుకొస్తుందో చెప్పలేరు.