బెర్డాన్ ప్రైమర్ ఉన్న ఖాళీ తూటా కేసులను తిరిగి నింపుకోవచ్చా?

ప్రశ్న: లైసెన్సు ఉన్న రైఫిల్‌తో కాల్చిన తూటాల కేసులను (ఇత్తడి గుల్లలను) నేను తిరిగి నింపుకుంటూ ఉంటాను. ఈసారి ఒక కేసును డైలో (కేసును తిరిగి ఆకారానికి తెచ్చే అచ్చులో) పెట్టి మీట నొక్కగానే, తూటా మందును అంటించే చిన్న మూత అయిన ప్రైమర్‌ను బయటికి నెట్టే పిన్ను వంగి విరిగిపోయింది. లోపలికి లైటు వేసి చూస్తే, నడుమ ఉండవలసిన ఒక్క రంధ్రానికి బదులు రెండు సన్నని రంధ్రాలు కనిపించాయి. వీటిని వాడుకొనే మార్గమేదైనా ఉందా?

జవాబు 1: అవి బెర్డాన్ కేసులు. బాక్సర్ పద్ధతిలో దాగలి (దెబ్బ తగిలినప్పుడు ప్రైమర్‌లోని మందు నలిగేలా అడ్డుగా ఉండే ముక్క) ప్రైమర్‌లోనే ఇమిడి ఉంటుంది. బెర్డాన్ పద్ధతిలో అది కేసు అడుగున ఇత్తడిలోనే బొడిపెగా ఉంటుంది కాబట్టి, మీ పిన్ను నేరుగా దానికే తగిలింది. విచిత్రమేమిటంటే, అమెరికన్ అయిన హైరమ్ బెర్డాన్ పద్ధతి ఐరోపాలోనూ, ఆంగ్లేయుడైన ఎడ్వర్డ్ బాక్సర్ పద్ధతి అమెరికాలోనూ స్థిరపడ్డాయి. ఇద్దరి పేటెంట్లూ 1866 నాటివే.

జవాబు 2: మార్గం ఉంది గాని ఓపిక కావాలి. కాల్చేసిన కేసులో నీళ్లు నింపి, మెడలో బిగుతుగా పట్టే కడ్డీని సుత్తితో కొడితే, ఆ ఒత్తిడికి పాత ప్రైమర్ ఊడి వస్తుంది. నీళ్లు మాత్రం ముఖం మీదికి చిందుతాయి. పేలని ప్రైమర్ ఉన్న కేసు జోలికి అసలు వెళ్లకండి. బెర్డాన్ ప్రైమర్ల కొలతలు వేరు కాబట్టి, ఆ గుంటలో బాక్సర్ ప్రైమర్‌ను ఇరికించే ప్రయత్నం చేయకూడదు.

ప్రశ్న అడిగినవారు: రెండు కేసులతో ప్రయత్నించాను, చొక్కా తడిసింది. సరైన ప్రైమర్లు దొరికేదాకా మిగతావి విడి డబ్బాలో పెడుతున్నాను.