లోడు కనిపించకపోతే కండోమ్ మానవచ్చా?

కృష్ణాతీరం: ఏడేళ్లుగా హెచ్‌ఐవీని అణచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నాను. గత రెండు పరీక్షల్లోనూ వైరల్ లోడు, అంటే రక్తంలో వైరస్ మోతాదు, కనిపించలేదు. భార్యకు హెచ్‌ఐవీ లేదు, నా సంగతి తెలిసే చేసుకుంది. కౌన్సెలర్ మాత్రం కండోమ్ మానవద్దంటున్నారు. ఇంకా ఎన్నాళ్లు భయపడుతూ కాపురం చేయాలి?

రాత్రిమాత్ర: భయం అక్కర్లేదు. 2019లో వచ్చిన పార్ట్‌నర్-2 అధ్యయనం చూడండి. 782 జంటలు, లోడు మిల్లీలీటరు రక్తానికి 200 లోపు. కండోమ్ లేకుండా కలిసినా భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదు.

సుబ్బారావు మాస్టారు: ఆ 782 జంటల్లో ఇద్దరూ మగవాళ్లే. ఆ సంగతి చెప్పరేమండీ?

రాత్రిమాత్ర: 2016 నాటి మొదటి అధ్యయనంలో స్త్రీపురుష జంటలూ ఉన్నాయి మాస్టారూ. అక్కడా సున్నాయే.

సుబ్బారావు మాస్టారు: ఎన్ని జంటలు? అంకె చెప్పండి. పైగా కనిపించలేదంటే లేదని కాదు. మందు మానేస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

పల్లెగాలి: సుఖవ్యాధులను ఈ మందులు ఆపవు. అది మాత్రం మరవకండి.

రాత్రిమాత్ర: 548. చాలా? అంకెలు పక్కన పెట్టండి. కంచం, గ్లాసు నాకు నేనే వేరు పెట్టుకుని బతికినవాణ్ణి. అక్క కూతురు ముద్దు పెట్టబోతే మొహం తిప్పుకున్నాను. ముద్దుతో రాదని నాకు తెలుసు, అయినా తిప్పుకున్నాను. లోడు రిపోర్టు చేతికొచ్చాకే ఆ పిల్లను ఎత్తుకున్నాను. ఆ ధైర్యాన్ని కూడా తప్పంటే ఎలా?

మల్లెతీగ: నా భర్తకూ ధైర్యం ఎక్కువే. పెళ్లికి ముందే తెలుసు, చెప్పలేదు. కడుపుతో ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో నాకు బయటపడింది. ‘ఒంట్లో బాగానే ఉందిగా అనుకున్నాను’ అన్నాడు.

రాత్రిమాత్ర: ఆయన మందులు వాడారా? వాడకపోతే ఆ కథ వేరు. ఆయన మీద కోపం మా మీద చూపకండి.

మల్లెతీగ: వేరేమీ కాదు. అప్పుడూ మగవాడే తేల్చుకున్నాడు, ఇప్పుడూ మగవాళ్లే తేలుస్తున్నారు. 2017 హెచ్‌ఐవీ చట్టం ఇతరులకు సోకకుండా చూసే జాగ్రత్త బాధ్యతను హెచ్‌ఐవీ ఉన్న మన మీదే పెట్టింది. లోడు ఎంతో చూశారు, జంటలు ఎన్నో లెక్కపెట్టారు. ఆవిడ ఏమంటోందని ఒక్కరైనా అడిగారా?

సుబ్బారావు మాస్టారు: 548 అన్నది ఎక్కడ ఉందో చూసి చెబుతాను.

కృష్ణాతీరం: అడగలేదమ్మా. ప్యాకెట్టు ఎప్పుడూ తనే తెస్తుంది, సరుకుల సంచిలో పప్పు కింద పెట్టి. ఈ నెల తేలేదు. మరిచిపోయిందో, కావాలనే తేలేదో అడగడానికి నోరు రాక ఇక్కడ రాశాను.